మూడు చక్రాల తాళం, ఒంటికన్ను గుడ్లగూబ

లంచ్ బెల్ మోగింది. కానీ ఆ క్లాసులో టిఫిన్ డబ్బాలు ఇంకా తెరుచుకోలేదు. పిల్లలంతా చివరి బెంచీ చుట్టూ గుంపుగా మూగారు. అందరి కళ్ళూ బెంచీ మీదున్న నల్ల పెట్టె మీదే ఉన్నాయి.

"తీస్తావా, తీయవా? గొప్పలైతే ఎవరైనా చెబుతారు" అన్నాడు ముందు నిలబడ్డ కుర్రాడు.

"కాస్త గాలి ఆడనివ్వండర్రా!" అంది చిటికె.

చిటికెకు అసలు పేరు ఒకటుంది. కానీ దాన్ని టీచర్లు కూడా మర్చిపోయారు. ఏ పని చెప్పినా "చిటికెలో చేసేస్తా" అంటుంది కాబట్టి చిటికె. సగం పనులు నిజంగానే చేసేస్తుంది. మిగతా సగం ఎవరో ఒకరు మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి.

ఆ పెట్టె మాత్రం చిటికెది కాదు. నిదానానిది. ఆ అమ్మాయికి ఆ పేరు ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక పెన్సిల్ చెక్కడానికి పీరియడంతా పడుతుంది. అయితే చెక్కిన ఆ మొన చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

మర్నాడు మొదటి పీరియడ్‌లో బొమ్మలాట ఉంది. ఆ ఆటలో అడవి జంతువులన్నీ తగవు పడతాయి. చివర్లో న్యాయమూర్తి వచ్చి తీర్పు చెబుతాడు. ఆ న్యాయమూర్తి బొమ్మను నిదానం కుడుతోంది. అది ఏ జంతువో, ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. "పూర్తయ్యాకే చూపిస్తా" అని కూర్చుంది. బొమ్మను వాళ్ళ నాన్న పాత కెమెరా పెట్టెలో దాచి, నీళ్ళు తాగడానికి వెళ్ళినా తాళం వేసే వెళుతోంది. అందుకే అందరికీ ఆ పెట్టె మీద అంత కుతూహలం.

ఆ పెట్టెకు తాళంచెవి ఉండదు. మూత అంచున మూడు చిన్న చక్రాలు ఉంటాయి. ఒక్కో చక్రం మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. సరైన అంకెలు వరుసలోకి వస్తేనే పక్కనున్న నొక్కుడు బిళ్ళ కదులుతుంది.

చిటికె పెట్టె మీదకు వంగి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది. అచ్చం వాళ్ళ పెద్దమ్మ లాగే. పెద్దమ్మకు తాళాల షాపు ఉంది. "ఈ ఊళ్ళో నాకు లొంగని తాళం ఇంకా పుట్టలేదు" అని రోజుకొకసారైనా అనకపోతే ఆవిడకు అన్నం సహించదు. స్కూలు వదిలాక చిటికె అక్కడే ఉంటుంది, అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా.

"నిశ్శబ్దం!" అంది చిటికె.

అందరూ ఊపిరి బిగబట్టారు. చిటికె చివరి చక్రాన్ని ఒక్క అంకె వెనక్కి జరిపింది. బిళ్ళ నొక్కింది.

టక్!

"అమ్మో! చెవితోనే తీసేసింది!" అని పిల్లలు కేకలు పెట్టారు. చిటికె కాలర్ సర్దుకుంది.

మీకు మాత్రం నిజం చెప్పేస్తాను. అది చెవి గొప్పతనం కాదు. తొందరగా తెరుచుకోవడానికి వీలుగా, నిదానం పెట్టె మూసేటప్పుడు చివరి చక్రాన్ని ఒక్క అంకె ముందుకు జరిపి వదిలేస్తుంది. పక్క బెంచీలో కూర్చునే చిటికె అది ఎప్పుడో కనిపెట్టేసింది. పిల్లలు అంతలా మెచ్చుకుంటుంటే ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు.

మూత తీశారు. లోపల, మెత్తటి గుడ్డ మీద, ఒక గుడ్లగూబ పడుకుని ఉంది.

ఎంత చక్కటి గుడ్లగూబ! ఒక్కో ఈకనూ విడిగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి వరుసగా కుట్టింది. మెడలో న్యాయమూర్తులు కట్టుకునే తెల్ల పట్టీ. కానీ పిల్లలు అవేవీ చూడలేదు. ఒక కన్ను దగ్గర పెద్ద గోధుమ రంగు బొత్తాం ఉంది. రెండో కన్ను దగ్గర ఉత్త దారం పోగు వేలాడుతోంది.

"ఒంటికన్ను న్యాయమూర్తి!" అన్నారెవరో. అంతే, నవ్వులే నవ్వులు. ఒక కన్ను మూసుకుని "తీర్పు! తీర్పు!" అంటూ గంతులు వేశారు.

చిటికె కూడా నవ్వింది. కానీ ఆమె చూపు మూత లోపలివైపు పడింది. చక్రాల వెనకాల చిన్న మీట. అలాంటివి షాపులో దూరం నుంచి చూసిందే తప్ప, పెద్దమ్మ ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు. వేలు ఊరుకోలేదు. మీటను పక్కకు జరిపింది.

"వస్తోంది! నిదానం వస్తోంది!"

చిటికె ఉలిక్కిపడింది. పని కాగానే పెద్దమ్మ బొటనవేలితో చక్రాల మీద ఒక్క రుద్దు రుద్ది అంకెలన్నీ కలిపేస్తుంది. చూసి చూసి చిటికె వేలికీ అదే అలవాటైంది. ఏం చేస్తున్నదీ తెలియకుండానే చక్రాలను బరబరా తిప్పేసింది. మీటను వెనక్కి లాగింది. మూత వేసింది. మళ్ళీ ఒకసారి చక్రాలు తిప్పేసి, తన బెంచీలో కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది. ముఖం మాత్రం పాలు తాగిన పిల్లి ముఖంలా ఉంది.

మధ్యాహ్నం క్రాఫ్ట్ పీరియడ్‌లో నిదానం జేబులోంచి రెండో బొత్తాం తీసి బెంచీ మీద పెట్టుకుంది. చక్రాలు చెదిరి ఉంటే, ఎవరి చెయ్యో తగిలుంటుందనుకుని తన నంబరుకు తిప్పింది. బిళ్ళ నొక్కింది. కదల్లేదు.

మళ్ళీ తిప్పింది. ఒక్కో అంకె దగ్గరా ఆగి, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంది. ఊహూఁ.

చిటికె పక్క బెంచీలోంచి లేచి వచ్చింది. "ఇటివ్వు, నేను చూస్తా" అంది. చెవి ఆనించింది. కళ్ళు మూసుకుంది. తాళం ఏమీ చెప్పలేదు. చెప్పే తాళమైతే లంచ్‌లోనే చెప్పేది.

"నంబరు నేనే మర్చిపోయినట్టున్నా" అంది నిదానం మెల్లగా. "వింతగా లేదూ? నిన్నటిదాకా బాగా గుర్తుంది."

"రేపు పొద్దున్నే ఆట కదమ్మా" అన్నారు టీచర్. "ఇంట్లో పెట్టె పగలగొట్టిస్తావా?"

"వద్దు టీచర్. నాన్నకు ఆ పెట్టె ప్రాణం" అని నిదానం బొత్తాన్ని మళ్ళీ జేబులో వేసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిటికె ఆ నీళ్ళు చూసింది.

"సాయంత్రం మా పెద్దమ్మ షాపుకి రా. చిటికెలో తీసేస్తుంది" అంది. పెద్దమ్మ తీసేస్తే సరి, ఎవరికీ ఏమీ తెలియకుండా గొడవ సద్దుమణుగుతుందని ఆమె ఆశ.

పెద్దమ్మ షాపు వీధి మలుపులో ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే ఒంటిగా, పక్కకు తిరిగి వెళ్ళాలి. గోడ నిండా తాళాలే. కప్పలంత బొద్దువి, గోరంత చిన్నవి, తుప్పు పట్టినవి, తళతళలాడేవి. నిదానం గుమ్మంలోనే ఆగిపోయి నోరు తెరుచుకుని చూసింది.

పెద్దమ్మ బల్ల మీద ఒక ఇనప్పెట్టె ఉంది. బేకరీ ఆయనది. ఆయన పక్కనే నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. పెట్టె తలుపు మీద గుండ్రటి పెద్ద చక్రం, దాని చుట్టూ గీతలూ అంకెలూ. పొద్దుటి నుంచీ పెద్దమ్మ దాంతోనే కుస్తీ పడుతోంది.

"నంబరు అస్సలు గుర్తు రావట్లేదా అన్నయ్యగారూ?" అంది.

"పుట్టినరోజు పెట్టానమ్మా. అది గుర్తుంది. ఎవరి పుట్టినరోజో మర్చిపోయాను" అన్నాడాయన. "ఇంట్లో అడిగితే ఇంకేమైనా ఉందా!"

పెద్దమ్మ ఫక్కున నవ్వి, పిల్లల్ని చూసి దగ్గరకు రమ్మంది. ఎవరైనా చూస్తుంటే ఆవిడకు పని ఇంకా బాగా వస్తుంది.

"దీని లోపల మూడు బిళ్ళలుంటాయి, చూడండి" అని పక్కనున్న విప్పేసిన పాత తాళాన్ని చూపించింది. "ప్రతి బిళ్ళకీ అంచున ఒక్కచోట గంటు. బయట చక్రం కుడికి తిప్పితే ఇవి రైలు బోగీల్లా ఒకదాన్నొకటి లాక్కుపోతాయి. ఎడమకు మళ్ళించామా, చివరి బిళ్ళ ఉన్నచోటే ఆగిపోతుంది, మిగతా రెండూ కదులుతాయి. మళ్ళీ కుడికి తిప్పితే రెండోది కూడా ఆగుతుంది. అలా మూడు గంట్లూ ఒకే వరసలోకి వచ్చినప్పుడు పైనున్న కడ్డీ ఆ సందులో పడుతుంది. అప్పుడే తలుపు."

నిదానం విప్పేసిన తాళాన్ని చేతిలోకి తీసుకుని కుడికి, ఎడమకు, కుడికి తిప్పింది. మూడు గంట్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. కడ్డీ మెల్లగా జారింది. "ఎంత బాగుంది!" అంది ఆ అమ్మాయి. ఆ మాట మనస్ఫూర్తిగా వచ్చింది.

పెద్దమ్మ ఆ అమ్మాయి వైపు మెచ్చుకోలుగా చూసింది. "ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావులు! బ్యాగులకీ సైకిళ్ళకీ వేసే చక్రాల తాళమూ ఇంతే. అక్కడా చక్రాలకి గంట్లే. కాకపోతే ఒక్కో చక్రం విడిగా తిరుగుతుంది. అదిగో, ఆ వెనక గదికి అంకెల మీటలు నొక్కే తాళం. అలాంటి కొన్ని తాళాల్లో మీటలు ఏ వరసలో నొక్కినా పరవాలేదు, అంకెలు సరిగ్గా ఉంటే చాలు. ఇక ఈ కొత్త బ్యాటరీ తాళాలున్నాయే, బ్యాటరీ అయిపోయిందంటే యజమాని కూడా బయటే!"

మాట్లాడుతూనే వేళ్ళతో చక్రాన్ని వెంట్రుకవాసి జరిపింది. కళ్ళు మూసుకుంది. మాట ఆగిపోయింది. షాపులో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎప్పుడూ గలగలా మాట్లాడే పెద్దమ్మ ఆ క్షణంలో వేరే మనిషిలా ఉంటుంది. ఊపిరి కూడా వేళ్ళతోనే తీస్తున్నట్టుంటుంది. చిటికెకు పెద్దమ్మ అలా ఉన్నప్పుడు చూడటం ఎంతో ఇష్టం.

లోపల ఏదో పడింది.

పెద్దమ్మ పిడి సగం తిప్పి వదిలేసింది. "ఇక మీ పని" అని బేకరీ ఆయనకు చెప్పి, గిరుక్కున గోడవైపు తిరిగింది. "పిల్లలూ, మీరు కూడా."

చిటికె బద్ధకంగా తిరిగింది. ఇది ఆమెకు కొత్త కాదు. తాళం ఏదైనా, మనిషి ఎవరైనా పెద్దమ్మ ఇలా తిరిగి నిలబడాల్సిందే. గారడీవాళ్ళు చేతి రుమాలు విదిలించినట్టు ఇదో హంగు అనుకునేది చిటికె. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

వెనకాల తలుపు తెరుచుకుంది, మూసుకుంది. "పుట్టినరోజు మా అత్తగారిది!" అని బేకరీ ఆయన చక్రం ఆగిన అంకె చూసి నెత్తి కొట్టుకున్నాడు. దండాలు పెట్టి, పెట్టెను బండి మీద తోసుకుంటూ వెళ్ళిపోయాడు. అందులో ఏముందో మనకెవరికీ తెలియదు. కథ చెబుతున్న నాకూ తెలియదు.

"ఆంటీ, లోపలేముందో చూడాలనిపించదా?" అని అడిగింది నిదానం.

"ఎందుకనిపించదు! ప్రాణం గిలగిల్లాడిపోతుంది" అంది పెద్దమ్మ. "కానీ ఆయన నన్ను తీయమన్నాడు. చూడమనలేదుగా."

చిటికె తల వంచుకుంది.

"ఊఁ, ఇప్పుడు మీ సంగతి. పెట్టె ఎవరిది?"

"నాదే ఆంటీ."

పెద్దమ్మ చక్రాల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. "తాళం నిక్షేపంలా ఉందే! నంబరు గుర్తుందా?"

"గుర్తుందనే అనుకుంటున్నా. కానీ పడట్లేదు."

"అయితే నంబరే మారిపోయుంటుంది. దీనికి మూత లోపలివైపు చిన్న మీట ఉంటుంది. అది జరిపి చక్రాలు తిప్పితే కొత్త నంబరు కూర్చుంటుంది. మూత తెరిస్తే గానీ ఆ మీట అందదు. మరి చివరిసారి తెరిచిందెవరు?"

చిటికె గోడ మీది తాళాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"నేనే ఆంటీ" అంది నిదానం. "పొద్దున్న స్కూలుకి రాగానే తెరిచాను. నా చెయ్యే తగిలుంటుంది. నాకు పరధ్యానం ఎక్కువని అమ్మ అంటూనే ఉంటుంది." అలా అంటూ తన చేతులకేసి చూసుకుంది, అవేదో తప్పు చేసినట్టు.

గొడవ ముగిసిపోయింది. చిటికె నోరు మూసుకుంటే చాలు. పెద్దమ్మ తాళం తీసేస్తుంది, రేపు ఆట జరిగిపోతుంది. నిదానం మాత్రం తనకు మతిమరుపనే అనుకుంటూ ఉండిపోతుంది. ఒక్కో అంకె దగ్గరా ఆగి చూసుకునే నిదానానికి మతిమరుపట!

"నీ చెయ్యి తగల్లేదు" అంది చిటికె. "నేను తీశాను. లంచ్‌లో. అందరికీ చూపించాను. మీట కూడా నేనే జరిపాను."

నిదానం జేబులోని బొత్తాన్ని తీసి చూసుకుంది. తర్వాత, "అందుకేనా, మధ్యాహ్నం నుంచీ అందరూ నన్ను చూసి ఒక కన్ను మూస్తున్నారు?" అంది. "నేనింకా అందరికీ కళ్ళకలక వచ్చిందేమో అనుకున్నా."

తిట్టినా బాగుండేది. చిటికెకు ఏడుపు ముంచుకొచ్చింది. "తప్పయిపోయింది. చెవితో తీయలేదు కూడా. నువ్వు చివరి చక్రం జరపడం చూసి తీశాను" అంది వెక్కుతూ.

పెద్దమ్మ పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. నిదానం వైపు తిరిగి, "అమ్మాయ్, పెట్టె నీది. నన్ను తీయమంటావా, దీన్ని తీయమంటావా?" అని అడిగింది.

నిదానం ఆలోచించింది. తొందరేముంది అన్నట్టు ఆలోచించింది. చిటికె ముక్కు తుడుచుకుంది.

"చిటికే తీయాలి ఆంటీ."

"విన్నావుగా. సున్నా, సున్నా, సున్నా దగ్గర మొదలుపెట్టు" అని పెద్దమ్మ స్టూలు చూపించి, తన పనిలో పడింది.

సున్నా సున్నా సున్నా. నొక్కింది. సున్నా సున్నా ఒకటి. నొక్కింది. వెయ్యి నంబర్లు! చిటికె జీవితంలో ఏ పనీ అన్నిసార్లు చేయలేదు. వంద దాటేసరికి బొటనవేలు ఎర్రబడింది. బరబరా తిప్పడం మొదలుపెట్టింది.

"ఆగు" అంది నిదానం. అంతదాకా దూరంగా కూర్చున్న అమ్మాయి స్టూలు జరుపుకుని వచ్చింది. "నొక్కకుండానే దాటేస్తున్నావు. అసలైంది అందులో ఉంటే? మళ్ళీ మొదటికొస్తుంది. నువ్వు తిప్పు, నేను నొక్కుతా."

చిటికె తిప్పింది. నిదానం నొక్కింది. తిప్పడం, నొక్కడం. తిప్పడం, నొక్కడం. మెల్లగా చిటికె వేళ్ళకు ఆ నడక అలవాటైంది. ప్రతి చక్రమూ గడి దగ్గర చిన్నగా కుదుటపడటం తెలిసింది. ఇన్నాళ్ళూ ఎన్ని తాళాలు ముట్టుకుందో, ఒక్కదాన్నీ ఇంత దగ్గరగా వినలేదు.

"ఏమిటో, పని నేర్చుకుంటున్నట్టుంది" అని పెద్దమ్మ గోడకు చెప్పింది.

వీధిలో దీపాలు వెలిగాయి. చిటికె వాళ్ళమ్మ వచ్చింది. పెద్దమ్మ సైగ చేస్తే గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నిదానం వాళ్ళింటికి కూడా ఫోన్ చేసి చెప్పారు.

నాలుగు, ఒకటి, ఐదు. కదల్లేదు.

నాలుగు, ఒకటి, ఆరు.

టక్!

చిటికె ఒక్క అరుపు అరిచింది. చెయ్యి మూత మీదకు వెళ్ళింది. అక్కడే ఆగింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టూలు మీంచి లేచి, గోడవైపు తిరిగి నిలబడింది. ఎదురుగా తాళాలన్నీ ఆమెనే చూస్తున్నట్టున్నాయి. పక్కన ఏదో కదిలితే ఓరగా చూసింది. పెద్దమ్మ కూడా పని వదిలేసి గోడవైపే తిరిగి నిలబడి ఉంది.

వెనకాల మూత తెరుచుకుంది. చక్రాలు టిక్ టిక్‌మని తిరుగుతున్నాయి. నిదానం కొత్త నంబరు పెట్టుకుంటోంది. ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి! చిటికెకు కాళ్ళు పీకాయి. ముక్కు దురద పెట్టింది. కానీ తల తిప్పలేదు.

"ఇటు తిరగొచ్చా?" అని అడిగింది చివరికి.

"ఆగు."

ఆగింది. ఇంకొంచెం సేపు ఆగింది.

"ఇప్పుడు తిరుగు" అంది నిదానం.

గుడ్లగూబ నిదానం ఒళ్ళో కూర్చుని ఉంది. ఈకలన్నీ దీపం వెలుగులో మెరుస్తున్నాయి. చిటికె వాటిని మొదటిసారి చూసింది. "ఇన్ని ఈకలు నువ్వే కుట్టావా!" అంది.

నిదానం రెండో బొత్తాన్ని గుడ్లగూబ ముఖం మీద ఆనించి పట్టుకుంది. రెండో చేత్తో సూదీ దారం చిటికెకు అందించింది.

"దారం ఎక్కించు" అంది. "నీ వేళ్ళు చురుకు కదా."

చిటికె దారం కొన తడిపి, సూదిని దీపానికి ఎదురుగా పెట్టింది. తొందరపడకుండా, ఒక్కసారికే ఎక్కించింది.